సగం చూసినవాడి పూర్తి తీర్పు

2025 ఏప్రిల్‌లో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ ఒక కొత్త నిబంధన ప్రకటించింది. తుది ఓటు వేయాలంటే ఆ విభాగంలో పోటీపడుతున్న సినిమాలన్నీ సభ్యులు చూసి తీరాలట. అకాడమీ వాళ్ల సొంత స్ట్రీమింగ్‌లో చూస్తే ఆ లెక్క వాళ్లకే తెలిసిపోతుంది, బయట చూస్తే మాత్రం ఎప్పుడు చూశారో ఎక్కడ చూశారో ఫారం నింపాలి. చాలామంది ఈ వార్త చదివి, మంచి పనే కదా అనుకుని ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఈ వార్తను తిరగేసి చదివితే తేలేదేమిటంటే, ఏవో కొన్ని విభాగాలు మినహాయిస్తే, చూడకుండా ఓటేసే సౌకర్యం అక్కడ ఇన్నాళ్లూ భేషుగ్గా ఉంది!

మరి నన్నెందుకండీ ఇన్నేళ్లూ ఆడిపోసుకున్నారు? ట్రైలర్ చూసి, పోస్టర్ చూసి, థియేటర్ నుంచి బయటికొస్తున్నవాళ్ల మొహాలు చూసి, "ఈసారి ఉత్తమ నటుడు ఇతనే" అని నేను తేల్చేస్తే అది నోటిదురద. అదే పని సూటు వేసుకుని లాస్ ఏంజెలిస్‌లో చేస్తే కళాసేవ. ఇప్పుడు ఆ కాస్త సేవకీ ఫారాలు పెట్టారు. రేపు ఈ జాడ్యం మన దాకా వస్తే, ఒక సినిమా గురించి మాట్లాడాలంటే ఆ సినిమా చూసి ఉండాలని ఎవరైనా అంటే, ఈ దేశంలో సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఎంతమంది మిగులుతారో ఆలోచించండి.

కాబట్టి సాధారణ ప్రేక్షకుల తరఫున, వాళ్లెవరూ నన్ను అడక్కపోయినా, ఈ నిబంధనను తీవ్రంగా ఖండిస్తూ, ఇటీవలి సినిమాల మీదా టీవీ నటనల మీదా నా తీర్పులను ఇక్కడ వెలువరిస్తున్నాను.

ముందు అర్హత సంగతి. నేను విమర్శకుణ్ని కాదు, అభిమానినీ కాదు. విమర్శకుడు హీరోని తప్ప అన్నీ చూస్తాడు. అభిమాని ఒకే సినిమా పదేపదే చూస్తాడు గానీ ప్రతిసారీ హీరోనే చూస్తాడు. మేము ఫోన్ చూస్తూ మధ్యమధ్యలో తెర చూస్తాం, అందువల్ల ఎవరి మీదా పక్షపాతం ఉండదు. ఇది చూడటం కిందికి రాదని ఎవరైనా అంటే వాళ్లకు నెట్‌ఫ్లిక్స్ చరిత్ర తెలియదన్నమాట. 2020 మొదట్లో ఆ సంస్థే ఒక లెక్క పెట్టింది, రెండు నిమిషాలు నడిస్తే చాలు, ఆ సినిమా మీరు చూసినట్టే. రెండు నిమిషాలంటే మన సినిమాల్లో పొగాకు హెచ్చరిక, కృతజ్ఞతలు, జంతువులకు హాని చేయలేదనే హామీ, ఇంకా హీరో పేరుకు ముందు బిరుదు కూడా పడదు. అయినా చూసినట్టే! తర్వాత ఆ లెక్క మార్చి, 2023 నుంచి అందరూ చూసిన మొత్తం గంటల్ని సినిమా నిడివితో భాగిస్తున్నారు. అంటే రెండు గంటల సినిమాలో మొదటి అరగంట నేను చూసి నిద్రపోయి, మిగతా గంటన్నర మా బావమరిది చూస్తే, మేమిద్దరం కలిసి ఒక ప్రేక్షకుడం. ఒక్క ప్రేక్షకుడే, అభిప్రాయాలు మాత్రం రెండు, అవీ ఒకదానికొకటి పడవు.

అర్హత తేలింది కాబట్టి అసలు విషయానికొద్దాం.

ఈమధ్య అందరూ మెచ్చుకున్న బ్రిటిష్ సిరీస్ 'అడాలసెన్స్'. 2025 మార్చిలో వచ్చింది, నాలుగే ఎపిసోడ్లు. తోటి విద్యార్థినిని హత్య చేశాడని పదమూడేళ్ల పిల్లవాణ్ని పోలీసులు పట్టుకుపోవడంతో మొదలవుతుంది. దీని గొప్పతనం ఏమిటంటే ప్రతి ఎపిసోడూ మొదటి నుంచి చివరి దాకా ఒకే షాట్. ఎక్కడా కట్ లేదు. నటులు, కెమెరా మోసేవాళ్లు, దారిలో నిలబడ్డ పోలీసు వేషగాళ్లు, అందరూ దాదాపు గంటసేపు ఒక్క తప్పూ చేయకుండా నడవాలి. ఎవరైనా చివరి నిమిషంలో మాట మర్చిపోతే మళ్లీ మొదటి నుంచి. అంత కష్టపడి వాళ్లు కట్ లేకుండా తీసినదాన్ని నేను కట్లతో చూశాను. మొదటి ఎపిసోడ్ మధ్యలో ఒక ఫోన్, తర్వాత కొరియర్ అబ్బాయి, తర్వాత ఎవరో పెట్టిన పుట్టినరోజు మెసేజీకి కేకు బొమ్మ పంపడం, తర్వాత ఎక్కడ ఆపానో వెతుక్కోవడం. దర్శకుడు ఫిలిప్ బరాంటిని కట్ చెప్పలేకపోయిన చోటల్లా నేను చెప్పాను. చూడబోతే సిరీస్‌కి నా వంతు ఎడిటింగ్ నేను చేసినట్టే.

మూడో ఎపిసోడ్‌లో ఆ పిల్లవాడూ ఒక సైకాలజిస్టూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే. ఒక చోట ఆ కుర్రాడు ఆవలిస్తాడు. స్క్రిప్టులో లేదట, నిజంగానే ఆవలింత వచ్చిందట, ఎదురుగా సైకాలజిస్టుగా వేసిన ఎరిన్ డోహర్టీ ఏమాత్రం తడబడకుండా 'నీకు బోర్ కొడుతోందా' అన్నట్టు అడిగేసి సన్నివేశంలో కలిపేసింది. అదే సమయానికి నేనూ ఆవలించాను. ఇద్దరం చేసింది ఒకే పని. ఆ కుర్రాడిగా వేసిన ఓవెన్ కూపర్‌కి పదిహేనేళ్లకే టీవీ వాళ్ల ఆస్కార్ లాంటి ఎమ్మీ ఇచ్చారు, నటనలో ఎమ్మీ గెలిచిన మగవాళ్లలో అందరికంటే చిన్నవాడు. నన్ను ఇంట్లో వెళ్లి పడుకోమన్నారు. (పక్కన పెడితే, ఆ గదిలో వాడు ఒక్కసారిగా లేచి అరిచినప్పుడు నా చేతిలో ఫోన్ ఎక్కడుందో కూడా నాకు గుర్తు లేదు. ఇది నా సిద్ధాంతానికి వ్యతిరేకం కాబట్టి బ్రాకెట్లో పెట్టాను.)

ఇక నటనను కొలవడం ఎలా అన్నది. సాధారణ ప్రేక్షకుడికి నటన దూరం నుంచి కూడా కనపడాలి, పక్క గదిలో బట్టలు మడతపెట్టుకుంటున్నా తెలియాలి. అందుకే మాకు కష్టం ఇష్టం. నటుడు ఎంత బరువు పెరిగాడు, ఎంత తగ్గాడు, మేకప్‌కి ఎన్ని గంటలు కూర్చున్నాడు, ఇవి చెబితే చాలు, నటన మేం చూడకపోయినా ఒప్పేసుకుంటాం. లియొనార్డో డికాప్రియో మంచులో పాకి, అడవిదున్న పచ్చి కాలేయం కొరికాక గానీ 2016లో ఆస్కార్ చేతికి రాలేదు. అంతకుముందు ఆయన అంత కష్టపడకుండా బాగా నటించిన సినిమాలు చాలానే ఉన్నాయి, వాటికి రాలేదు, గమనించండి. అల్లు అర్జున్ 'పుష్ప'లో ఒక భుజం పైకెత్తి సినిమా మొత్తం నడిచాడు. ఆ భుజం ఏ వరుసలో కూర్చున్నవాడికైనా కనిపిస్తుంది, కావాలంటే ఇంటికెళ్లి అద్దం ముందు సరిచూసుకోవచ్చు కూడా. 2023లో ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు, తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదలు. ఇన్ని దశాబ్దాల్లో మన దగ్గర రెండు భుజాలూ సమానంగా పెట్టుకుని నటించిన మహానుభావులు ఎంతమందో, ఆ అవార్డు వాళ్లకెందుకు రాలేదని అడిగితే నా దగ్గర ఈ ఒక్క జవాబే ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే సంగతులు కొన్ని ఉన్నాయి, అవి నన్ను చికాకు పెడతాయి. 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్'లో ఆంథొనీ హాప్కిన్స్ తెర మీద ఉండేది అరగంట కూడా కాదు, ఉత్తమ నటుడు. 'నెట్‌వర్క్'లో బియాట్రిస్ స్ట్రెయిట్ కనపడేది ఐదు నిమిషాలే, ఉత్తమ సహాయనటి. ఐదు నిమిషాలు! మన రివ్యూల్లో అయితే ఈవిడ పేరు కూడా రాదు, చివరి పేరాలో 'మిగతావారు తమ తమ పరిధి మేరకు నటించారు' అనే చోట, ఫైట్ మాస్టర్‌కి కాస్త పైన, ఊరందరితో కలిసి నిలబడి ఉండేది. ఈ 'పరిధి మేరకు' అన్నది ఎవరు కనిపెట్టారో గానీ ఇంత న్యాయమైన వాక్యం ఇంకొకటి లేదు. ఎవరి పరిధి ఎంతో చెప్పక్కర్లేదు, వాళ్లు దాని లోపల ఉన్నారో బయట ఉన్నారో చూడక్కర్లేదు, అసలు వాళ్లెవరో కూడా తెలియక్కర్లేదు. హీరో అయితే 'నటించలేదు, జీవించాడు'. విలన్ అయితే 'పాత్రలో ఒదిగిపోయాడు'. హీరోయిన్ 'అందంతో పాటు అభినయంతోనూ ఆకట్టుకుంది', అంటే అభినయం ఉండటం కొంత ఆశ్చర్యమే అన్నమాట. ఇవి అన్ని సినిమాలకూ సరిపోతాయి, ఇంకా మొదలుపెట్టని సినిమాలకు కూడా.

వీటిలో ఈమధ్య బాగా చెల్లుబాటవుతున్నది 'సెటిల్డ్ పర్ఫార్మెన్స్'. మొహంలో ఏ కదలికా లేని నటులు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ల మీద తీర్పు ఇవ్వడం చాలా తేలిక, సినిమా వసూళ్లు తెలిసే దాకా ఆగితే చాలు. హిట్టయితే కళ్లతోనే నటించాడు. ఫట్టయితే ఎక్స్‌ప్రెషన్స్ పలకలేదు. ఒకటే మొహం, ఒకటే షాట్. దీన్ని మేం కనిపెట్టామని గర్వపడుతుంటే, వందేళ్ల కింద రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ప్రయోగం చేసి మరీ చూపించాడని తెలిసింది. మోజుఖిన్ అనే నటుడి మొహం, ఏ భావమూ లేని షాట్ ఒకటి తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ, ఇలా అతికించి చూపించాడట. చూసినవాళ్లు ఆహా ఏం ఆకలి, ఏం దుఃఖం, ఏం కోరిక అని మురిసిపోయారని చెబుతారు. అంటే నటన ప్రేక్షకుడు చేస్తున్నాడు, పేరు నటుడికి పోతోంది!

మన దగ్గర ఆ గిన్నె పని నేపథ్య సంగీతం చేస్తోంది. హీరో తలుపు తోసుకుని వస్తాడు, మొహం అంతే ఉంటుంది, వెనక నుంచి డోలూ కోరస్సూ ఏదో అర్థంకాని సంస్కృతమూ లేస్తాయి, మనకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నాకు ఒకసారి పనిపడి అలాంటి సీన్ ఒకటి మ్యూట్‌లో చూడాల్సి వచ్చింది. ఒకాయన తలుపు తీశాడు. అంతే జరిగింది. అందుకే ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చేటప్పుడు సంగీత దర్శకుణ్ని కూడా వేదిక మీదికి పిలిచి, వాళ్లిద్దరూ ఎవరి వాటా ఎంతో అక్కడే తేల్చుకునే ఏర్పాటు చేయాలని నా డిమాండు.

గొంతు గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఇందులో పాశ్చాత్యులు మన కన్నా చాలా వెనకబడి ఉన్నారు. 'ది బ్రూటలిస్ట్' అనే సినిమాలో హంగేరియన్ మాటలు ఇంకా అచ్చంగా వినపడాలని కృత్రిమ మేధతో కాస్త సరిదిద్దామని ఆ సినిమా ఎడిటరే చెప్పాడు. దాని మీద 2025 జనవరిలో పెద్ద గొడవ, నటన స్వచ్ఛత ఏమైపోవాలి అని. మనకు ఆ గొడవలో తప్పెవరిదో సంగతి తర్వాత, అసలు తప్పేమిటో అర్థం కాలేదు. ఏవో కొన్ని అచ్చులు సరిచేస్తే ఇంత రభసా? రాజశేఖర్ కోపానికి సాయికుమార్ గొంతు పోస్తే మనం ఈలలు వేశాం. 'ఏ మాయ చేసావె'లో సమంత కళ్లు, చిన్మయి గొంతు కలిసి ఒక అమ్మాయి అయితే ప్రేమించాం, సగం ప్రేమ ఎవరికి పంపాలో అడగలేదు కూడా. అంతెందుకు, కొరియన్ సిరీస్ తెలుగు డబ్బింగ్‌లో చూసి 'వాడి డైలాగ్ డెలివరీ అదిరింది' అని నేను నలుగురిలో అన్నాను, ఎవరూ కాదనలేదు. ఆ డెలివరీ ఇచ్చినతను బహుశా హైదరాబాద్‌లో రెండో షిఫ్టులో ఉన్నాడు, అతని పేరు సిరీస్ చివర్లో పడే లోపు తర్వాతి ఎపిసోడ్ మొదలైపోతుంది. ఇది మాత్రం నిజంగా అన్యాయం, వ్యంగ్యం కాదు.

అన్నట్టు ఆ 'బ్రూటలిస్ట్' మూడు గంటల ముప్పావు కన్నా కాస్త తక్కువ, మధ్యలో పదిహేను నిమిషాల ఇంటర్వెల్. ఆ ఇంటర్వెల్‌ని వాళ్లు ఏదో కళాత్మక సాహసంలా రాసుకున్నారు. మనం పుట్టినప్పటి నుంచి చేస్తున్న సాహసం అది. ఆ సినిమాకు ఉత్తమ నటుడైన ఏడ్రియన్ బ్రోడీ వేదిక మీద ఐదున్నర నిమిషాలకు పైగా మాట్లాడి ఆస్కార్ చరిత్రలోనే సుదీర్ఘ ప్రసంగంగా రికార్డుకెక్కాడు. సినిమా చూడలేదు గానీ ప్రసంగం మొత్తం చూశాను. నా అభిప్రాయంలో ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్‌లో ల్యాగ్.

టీవీకి వద్దాం. 'ది పిట్' అని ఆస్పత్రి సిరీస్, మొదటి సీజన్ మొత్తం ఒకే డ్యూటీ, పదిహేను ఎపిసోడ్లు, ఎపిసోడ్‌కి ఒక గంట చొప్పున కథ నడుస్తుంది. అందులో డాక్టరుగా వేసిన నోవా వైలీ, ఎప్పుడో 'ఈఆర్' అనే ఆస్పత్రి సిరీస్‌లోనే ఐదుసార్లు ఎమ్మీకి పోటీపడి ఒక్కసారీ గెలవనివాడు, 2025లో దీనికి గెలిచాడు. అలసిపోయిన మనిషి అలసటని దాచుకోవడం అంత బాగా ఎవరూ చేయలేదని చూసినవాళ్లంటారు. నేను ఒకటిన్నర స్పీడులో పెట్టాను కాబట్టి నాకు ఆయన చాలా హుషారుగా కనిపించాడు. ఈ స్పీడు సౌకర్యం 2019లో నెట్‌ఫ్లిక్స్ పరీక్షిస్తున్నప్పుడు జడ్ అపటావ్ లాంటి దర్శకులు మా సినిమాల లయ చెడగొడతారా అని మండిపడ్డారు, అయినా మరుసటి ఏడు వచ్చేసింది. లయ సంగతేమో గానీ, నటుడు మాటకీ మాటకీ మధ్య ఇచ్చే మౌనం ఉంది చూశారూ, దాన్ని ఎగరగొట్టేస్తే ఎంత టైమ్ కలిసొస్తుందో! ఆ మౌనంలోనే నటన ఉంటుందని ఒక మిత్రుడు అన్నాడు. ఉంటే ఉండనీ, నాకు పొద్దున్నే ఆఫీసుంది.

మన సీరియల్ డాక్టరుతో పోలిస్తే ఆ డాక్టరు పని చాలా ఎక్కువ. మనాయన ఆపరేషన్ థియేటర్ బయటికి వచ్చి, కళ్లజోడు తీసి, ఇరవై నాలుగ్గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం అంటాడు, ఆ ఇరవై నాలుగ్గంటలు గడవడానికి మూడు వారాలు పడుతుంది. అయితే సీరియళ్లను చిన్నచూపు చూసేవాళ్లకు ఒక మాట. 'ఎన్ ప్లస్ వన్' అనే అమెరికన్ పత్రిక 2024 చివర్లో ఒక వ్యాసం వేసింది, నెట్‌ఫ్లిక్స్‌కి రాసే రచయితలకు పైనుంచి తరచూ వచ్చే సూచన ఏమిటంటే, పాత్ర తను ఏం చేస్తోందో నోటితో చెప్పాలి, వేరే పని చేసుకుంటూ టీవీ పెట్టుకున్నవాళ్లకు కూడా కథ అందాలి. ప్రపంచం దీన్ని చదివి ముక్కున వేలేసుకుంది. మన సీరియల్ కోడలు ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. "ఈ పాలల్లో ఈ మాత్ర కలిపేస్తే అత్తయ్యగారు పొద్దున దాకా లేవరు, అప్పుడు బీరువా తాళాలు నా చేతికొస్తాయి" అని పక్కన ఎవరూ లేకపోయినా పైకి చెబుతుంది. అది చూసి నవ్విన మేధావులే ఇవాళ వేల కోట్ల స్ట్రీమింగ్ సిరీస్‌లో డిటెక్టివ్ "నేనిప్పుడు ఆ గదిలోకి వెళ్లి ఫైలు వెతుకుతాను" అంటే చప్పుడు చేయకుండా చూస్తున్నారు. నటన పరంగా కూడా మన వాళ్లది పైచేయి. ఒక్క నిజం బయటపడగానే హాల్లో నిలబడ్డ తొమ్మిది మంది మొహాలూ తలా మూడుసార్లు, ఉరుముతో సహా చూపిస్తారు, అందులో ఒక్కరు కూడా కన్నార్పరు. కులెషోవ్ ఉంటే చేతులెత్తి మొక్కేవాడు.

రియాలిటీ షోల గురించి ఎక్కువ చెప్పను. అక్కడ అందరూ 'నేను నటించట్లేదు, నేనింతే' అంటారు, దేశంలో ఉత్తమ నటన అంతా ఆ ఒక్క వాక్యం పలకడంలోనే ఖర్చయిపోతోంది. పాటల పోటీల్లో జడ్జీల కన్నీళ్లు మాత్రం ప్రత్యేకంగా గుర్తించాలి, ఎందుకంటే ప్రోమోలో ఏడ్చినవాళ్లు ఎపిసోడ్‌లో వేరే పాటకి ఏడుస్తుంటారు, అంత నిల్వ ఉంచుకోవడం సామాన్యమైన విద్య కాదు.

చివరికి మార్కులు. పైన చెప్పినవాటన్నిటికీ, చెప్పనివాటికీ, వచ్చే నెల రాబోయేవాటికీ కలిపి నా రేటింగ్ ఐదుకి 2.75. మూడు ఇస్తే 'నువ్వు చెప్పావని వెళ్లాం' అని టికెట్ డబ్బులు అడుగుతారు. రెండున్నర ఇస్తే అభిమానులు నా ఫొటో వెతుకుతారు. 2.75కి ఇంతవరకు ఎవరూ కేసు వేయలేదు. ఆ మిగిలిన పావు మార్కు ఎక్కడ పోయిందని నిన్న ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగాడు. సెకండాఫ్‌లో పోయిందని చెప్పాను. 'మీరు సెకండాఫ్ చూశారా అండీ' అన్నాడు. చూడకపోతే ఏమండీ, ఏ సినిమా అయినా పోయేది అక్కడే కదా.